175 మంది ఎమ్మెల్యేలకు ఒక కౌలు రైతు కూతురు రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యులకు,

నమస్కారం. మా నాన్న తెనాలి దగ్గర ఒక ఊళ్లో ముప్పై ఏళ్లుగా కౌలు సేద్యం చేస్తున్నారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ముందే మీకు రాయాలని అనుకోలేదు. మొదట గ్రామ సచివాలయంలో అడిగాం, తరువాత మండల ఆఫీసులో అడిగాం, అక్కడా కాకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడోసారి వారం తిరక్కుండానే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో కనుక్కుందామని స్కూలుకి సెలవు పెట్టి మరీ వెళితే, "సిస్టంలో క్లోజ్ అయిపోయిందమ్మా, కావాలంటే ఇంకోటి పెట్టుకోండి" అన్నారు. నాలుగోది పెట్టే బదులు నలుగురూ చదివేలా ఇది రాస్తున్నాను.

ఆ అర్జీల్లో మేం అడిగింది ఒక్కటే. మా నాన్న సాగు చేస్తున్న నాలుగెకరాలకి సాగుదారు అన్న చోట ఆయన పేరు రాయమని. యజమాని అన్న చోట ఎవరి పేరు ఉందో అదే ఉండనివ్వండి, దాంతో మాకు పనిలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వరి కోసి ఓదెల మీద, అంటే కోసిన పైరు పొలంలోనే పరిచి, ఉంది. మూడు రోజులు నీళ్లలోనే ఉండిపోయింది, నాలుగో రోజుకి కంకులకి మొలకలొచ్చాయి. అమ్మా నాన్నా మోకాళ్ల లోతు బురదలో దిగి ఓదెలు తిరగేసి, గట్టు మీదకి మోసి ఆరబెట్టారు. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఆ గట్టు మీదే నిలబడి ఫొటోలు తీశారు, ఫొటోలో మా నాన్న కూడా ఉన్నారు. తీరా జాబితా అతికించాక చూస్తే ఆ సర్వే నంబరు ఎదురుగా ఉన్నది ఆసామి (మాకు పొలం కౌలుకిచ్చినాయన) వాళ్ల పేరు, ఎందుకంటే ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే రికార్డులో, ఎక్కిందీ అదే. డబ్బు వాళ్ల ఖాతాలో పడింది. ఆసామి చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఫోన్ చేస్తే "చూద్దాంలేమ్మా" అని, మరుసటి ఏడాది కౌల్లో రెండు బస్తాలు తగ్గించారు. కానీ ప్రభుత్వం మా నాన్నకి ఇవ్వాల్సిన డబ్బు ఇంకొకాయన దయ మీద రెండు బస్తాలుగా రావడం ఏమిటి?

కౌలు కార్డు, అంటే ఈ పొలం సాగు చేసేది ఈయనే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, ఎందుకు తీసుకోలేదని అడుగుతారు, అందరూ అదే అడుగుతారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం పెట్టాలి. మా నాన్న అడిగారు. ఆసామి నవ్వి, "నీ మీద నమ్మకం లేక కాదయ్యా, రేపు అమ్ముకోవాలంటే కాగితం అడ్డం పడుతుంది" అన్నారు. రెండోసారి అడిగితే పొలం వేరేవాళ్లకి ఇచ్చేస్తారని మా నాన్నకి టెన్షన్. ఊళ్లో ఇద్దరికి అలాగే జరిగింది. అంటే చట్టం మాకో హక్కు ఇచ్చి, దాని తాళంచెవి అవతలాయన జేబులో పెట్టింది.

ఇక లెక్క. 2024 సార్వా (ఖరీఫ్) నుంచి మా ఇంటి లెక్క ఇది, నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నది. ఎకరాకి 32 బస్తాలు పండింది, అందులో 20 బస్తాలు కౌలు. మిగిలినవి 12. ఆ ఏడాది ఎ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాల్‌కి 2,320 రూపాయలు, 75 కిలోల బస్తాకి 1,740 పడుతుంది. మా పేరు మీద ఈ-పంట లేదు కాబట్టి మద్దతు ధరకి ధాన్యం కొనే రైతు సేవా కేంద్రం జోలికి పోకుండా బయట 1,500కి అమ్ముకున్నాం. పన్నెండు బస్తాలకి 18,000 వచ్చింది. దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను కలిపి ఎకరాకి 30,000 అయింది. అంటే వరి మీద ఎకరాకి 12,000 పోయింది. తరువాత మొక్కజొన్న వేశాం, మా ఒప్పందంలో రెండో పంటకి విడిగా కౌలు లేదు కాబట్టి బతికిపోయాం. 36 క్వింటాళ్లు పండితే క్వింటాల్ 2,200 లెక్కన 79,200, ఖర్చు 42,000 పోను 37,200 మిగిలింది. వరి నష్టం తీసేస్తే ఎకరాకి 25,200, నాలుగెకరాలకి 1,00,800. పెట్టుబడికి తెచ్చిన రెండున్నర లక్షలకి రెండు రూపాయల వడ్డీ, పది నెలలకి 50,000. చేతిలో మిగిలింది 50,800. ఇద్దరు మనుషులు ఏడాది పొడుగునా చేసిన పనికి నెలకి 4,233 రూపాయలు, అమ్మ కలుపు తీసిన రోజులకి కూలి కట్టకుండా. అదే నాలుగెకరాల మీద ఆసామి వాళ్లకి 80 బస్తాలు వెళ్లాయి, మేం అమ్మిన ధరకే లెక్కేసినా 1,20,000. పొలం గట్టు తొక్కకుండా. కౌలు వ్యవసాయ ఆదాయం కిందికి వస్తుంది కాబట్టి దాని మీద ఆదాయపు పన్ను కూడా లేదు. మా నాన్న కొనే పురుగుమందు డబ్బా మీద మాత్రం 18 శాతం జీఎస్టీ ఉంది.

అసమానతలు అంటే నాకు ముందు పేపర్లో చదివినవే గుర్తొచ్చేవి. 2022-23లో దేశ సంపదలో 40 శాతం పైన ఉన్న ఒక్క శాతం మంది చేతిలో ఉందని ప్రపంచ అసమానతల మీద పనిచేసే ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఆ ఒక్క శాతం ఎక్కడో ముంబైలో ఉంటారు, మనకేం సంబంధం అనుకునేదాన్ని. ఈ నోట్‌బుక్ లెక్క వేశాక, ఆ తేడా మా ఊళ్లో ఎలా తయారవుతుందో, దానికి ప్రభుత్వం డబ్బు ఎలా తోడవుతుందో కనిపించింది. ఆ ఒక్క పేరు రికార్డులో లేనందుకు ఏమేం పోతున్నాయో వరసగా రాస్తాను.

1. అప్పు. ఆసామి పాస్‌బుక్ మీద పంట రుణం 7 శాతానికి వస్తుంది, టైముకి కడితే వడ్డీ రాయితీతో 4 శాతమే. పంట వేయనివాళ్లకి ఆ రుణం. పంట వేసే మా నాన్నకి 24 శాతం. బ్యాంకుకి వెళితే, ఈ సర్వే నంబరు మీద ఆల్రెడీ లోన్ ఉంది, ఒకే భూమి మీద రెండుసార్లు ఇవ్వం అంటారు, వాళ్ల రూలు ప్రకారం వాళ్లు చెప్పింది కరెక్టే. 2025 జనవరి నుంచి తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాన్ని రిజర్వ్ బ్యాంకు 2 లక్షలకి పెంచిందని చదివి సంబరపడ్డాను, కానీ తాకట్టు అడగకపోయినా సాగు చేస్తున్నట్టు కాగితం అడుగుతారు కదా. ఇంకో విచిత్రం, 4 శాతానికి తెచ్చిన పంట రుణం రెండు రూపాయల వడ్డీకి తిరిగి కౌలుదారుకే ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు, మీకు తెలియనిదేం కాదు. 2019లో కేంద్రం చేయించిన సర్వేలో రైతు కుటుంబాల సగటు అప్పు దేశం మొత్తం మీద 74,121 రూపాయలు, మన రాష్ట్రంలో 2,45,554. దేశంలోకెల్లా మనదే ఎక్కువ. కౌలు సాగు కూడా దేశంలోకెల్లా మన దగ్గరే ఎక్కువ. ఈ రెండూ ఒకే రాష్ట్రంలో ఉండటం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

2. పెట్టుబడి సాయం. రైతు భరోసా అన్నారు, 13,500. ఇప్పుడు అన్నదాత సుఖీభవ, కేంద్రం ఇచ్చే 6,000 కలిపి ఏడాదికి 20,000. పేర్లు మారాయి, దారి మారలేదు, డబ్బు పట్టాదారు పేరు వెంటే పోతుంది. పాత ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకి ఇస్తామంది, మీరు కార్డు ఉన్న కౌలు రైతులకి ఇస్తామంటున్నారు. కార్డుకి సంతకం కావాలి, సంతకం సంగతి పైన రాశాను. పన్ను కట్టేవాళ్లకి రాదని నిబంధన ఉంది, నిజమే. మేం చేసే నాలుగెకరాలు ఆసామి వాళ్ల అమ్మగారి పేరు మీద ఉన్నాయి, ఆవిడ పన్ను కట్టరు, ఆవిడకి వచ్చింది. పక్క రాష్ట్రంలో అయితే 2018లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఎకరాల పరిమితే పెట్టలేదు. ఎకరాకి పంటకి 4,000 చొప్పున, యాభై ఎకరాలు ఉన్నాయనకి ఏడాదికి 4 లక్షలు, ఆ యాభై ఎకరాలు దున్నే కౌలుదారులకి సున్నా. పేదవాడికీ ఉన్నవాడికీ తేడా తగ్గించాల్సిన డబ్బే ఆ తేడా పెంచుతోంది. ఇంకో మాట, చేతికి సాయం వచ్చింది కదా అని కౌలు తగ్గించిన ఆసామిని నేను ఇంతవరకూ చూడలేదు.

3. ధర. పైన లెక్కలో ఉంది, బస్తాకి 240 రూపాయలు తక్కువ. పన్నెండు బస్తాలు, నాలుగెకరాలు, 11,520. మా చెల్లి డిగ్రీ ఫీజు.

4. నీళ్ల మీద మాట. 2024 డిసెంబరులో సాగునీటి సంఘాల ఎన్నికలు పెట్టారు. ఏ రాత్రి కాలవకి నీళ్లొస్తాయో, ఏ తూము దగ్గర గడ్డి అడ్డం పడిందో మా నాన్నకి తెలుసు, కానీ ఓటర్ల జాబితాలో ఆయన పేరు లేదు. పేరు ఉన్న ఆసామి హైదరాబాద్‌లో ఉన్నారు, రాలేదు. చెప్పుకుంటే చిన్న విషయమే. కానీ ఊళ్లో అధికారం ఎవరికి దక్కుతుందో చూడాలంటే ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు.

5. చావు. ఇది రాయడం కష్టంగా ఉంది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 7 లక్షలు ఇవ్వాలని ప్రభుత్వ ఉత్తర్వు ఉంది, కౌలు రైతుకీ వర్తిస్తుంది. కానీ ఆయన కౌలు చేశాడని రుజువు చూపించాలి, కార్డు ఉండదు, అప్పు ఎరువుల కొట్టు చిట్టాలోనూ ప్రామిసరీ నోట్ల మీదా ఉంటుంది. మా అమ్మ వైపు బంధువుల్లో ఒకావిడ రెండేళ్లు తిరిగింది. చివరికి ఆయన రైతు కాదు, వ్యవసాయ కూలీ అని రాసి పంపించేశారు. ఆయన పదహారెకరాలు కౌలుకి చేసేవాడు.

ఇవన్నీ మీకు తెలియవని నేను అనుకోవడం లేదు. 2022లో పవన్ కల్యాణ్ గారు కౌలు రైతు భరోసా యాత్ర అని ఊరూరా తిరిగి, చనిపోయిన కౌలు రైతుల కుటుంబాలకి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. సొంత డబ్బుతో ఇచ్చారు, సంతోషం. ఆయన ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి. 2004లో రాష్ట్ర ప్రభుత్వం రైతుల సంక్షేమం మీద వేసిన, ఆర్థికవేత్త జయతీ ఘోష్ గారి కమిషన్ కౌలుదారుల్ని గుర్తించి నమోదు చేయండి అని చెప్పింది. 2007 జాతీయ రైతు విధానంలో రైతు అంటే ఎవరో రాసిన చోట కౌలుదారూ ఉన్నాడు. 2011లో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన ఏడాదే, కిరణ్ కుమార్ రెడ్డి గారి ప్రభుత్వం రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చింది, దానికి యజమాని సంతకం తప్పనిసరి కాదు. బ్యాంకులు పెద్దగా పట్టించుకోలేదు అది వేరే సంగతి, కానీ మనిషి పేరంటూ రికార్డులోకి ఎక్కేది. ఎనిమిదేళ్ల తరువాత వచ్చిన చట్టం సంతకం పెట్టాలంది. ముందుకెళ్లాల్సింది వెనక్కొచ్చాం.

ఎందుకు వెనక్కొచ్చామో కూడా మీకు తెలుసు. భూమి ఉన్నవాళ్లకి భయం. 1956 కౌలు చట్టం నాటి నుంచీ ఉన్న భయమే అది, కౌలుదారు పేరు కాగితం మీద పడితే భూమి పోతుందని. అందుకే రాతకోతలు మానేసి నోటిమాట కౌళ్లే చేసుకుంటున్నారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. ఎకరమే ఉండి, భర్త పోయి, కౌలు మీదే బతికే ఆడవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు, వాళ్ల భయం నిజమైన భయం. కానీ ఒక్క పోలిక చూడండి. భూ హక్కుల చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ చట్టం, దాని వల్ల భూములు పోతాయని 2024 ఎన్నికల ముందు భూమి ఉన్నవాళ్లు భయపడ్డారు. ముఖ్యమంత్రి గారు బాధ్యతలు తీసుకున్న రోజు పెట్టిన రెండో సంతకం ఆ చట్టం రద్దు మీదే. జూలైకల్లా అసెంబ్లీలో రద్దయిపోయింది. బాగుంది, జనం భయపడితే ప్రభుత్వం కదలాల్సిందే. మరి పొలం పోతుందేమోనని కార్డు అడగడానికి కూడా భయపడే మా నాన్నది భయం కాదా? ఆయనదీ ఓటే, ఒకటే ఓటు, ఆసామికీ ఒకటే. రెండు ఓట్లకీ ఒకే బరువు ఎందుకు లేదు?

నాకు తోచిన జవాబు రాస్తాను, తప్పయితే సరిదిద్దండి. అసెంబ్లీకి పోటీ చేయాలంటే ఎన్నికల కమిషన్ పెట్టిన ఖర్చు పరిమితి 40 లక్షలు, పరిమితి దాటకుండా గెలిచినవాళ్లు మీలో ఎంతమందో మీకే తెలియాలి. ఆ 40 లక్షలు కూడబెట్టడానికి మా నాన్నకి, పైన లెక్క ప్రకారం, ఒక్క రూపాయి తినకుండా దాదాపు 79 ఏళ్లు పడుతుంది. 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 504 మంది కోటీశ్వరులు, వాళ్ల అఫిడవిట్లే చెప్పాయి. మా గుంటూరు ఎంపీ గారు చూపించిన ఆస్తి 5,700 కోట్లు దాటింది. ఆయన సంపాదించుకున్నది ఆయనది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. చట్టం రాసే గదిలో భూమి ఉన్నవాళ్లే కూర్చుంటే, సంతకం ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్నకి జవాబు ముందే తెలిసిపోతుంది, నేను చెప్పేది అంతే. కౌలుదారుల్లో ఎక్కువమంది ఎస్సీలు, బీసీలు, సొంత భూమి పోగొట్టుకున్న చిన్న రైతులు. మీటింగులకి ట్రాక్టర్లలో వచ్చేదీ వాళ్లే.

మేం అడుగుతున్నవి ఇవి.

1. కార్డుకి యజమాని సంతకం తీసేయండి. గ్రామసభలో పేరు చదవండి, వీఆర్వో, వ్యవసాయ సహాయకుడు పొలం మీదకి వచ్చి ఎవరు చేస్తున్నారో చూడండి, చుట్టుపక్కల నాలుగు గట్ల వాళ్లని అడగండి. యజమానికి నోటీసు ఇవ్వండి, అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో చెప్పుకోనివ్వండి. ఈ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది, అదే మాట కార్డు వెనక పెద్దక్షరాలతో అచ్చు వేయండి, ఆ భయం ఉన్నవాళ్లకి అది చాలు.

2. ఈ-పంటలో సాగుదారు పేరే ఎక్కాలి. ధాన్యం డబ్బు, నష్టపరిహారం, బీమా ఆ పేరు వెంటే పోవాలి. పంట వేయనాయన పేరు ఎక్కిస్తే ఎక్కించినవాళ్లు జవాబు చెప్పాలి. జాబితా కోతకి ముందే సచివాలయం గోడకి అతికించండి, మార్చుకోవడానికి టైముండగా.

3. పెట్టుబడి సాయం పంట పెట్టినవాళ్లకి. ఎకరం, రెండెకరాలు ఉండి కౌలుకిచ్చుకునే వితంతువులకీ ముసలివాళ్లకీ కూడా ఇవ్వాలంటే ఇవ్వండి, కాదనం, కానీ దాన్ని పెన్షన్ అనండి, పెట్టుబడి అనకండి.

4. ఏ బ్యాంకు బ్రాంచి ఎంతమంది కౌలుదారులకి ఎంత రుణం ఇచ్చిందో మండలాల వారీగా ప్రతి సీజన్‌కీ బయటపెట్టించండి.

5. కార్డు లేదని తిరస్కరించిన ఆత్మహత్య పరిహారం దరఖాస్తులన్నీ మళ్లీ తెరవండి. ఎరువుల కొట్టు చిట్టా, ఇరుగుపొరుగు సాక్ష్యం చెల్లేలా ఉత్తర్వు మార్చండి.

6. ఇది చట్టం మారే వరకూ ఆగక్కర్లేదు, రేపే చేయొచ్చు. మీరు నామినేషన్‌తో పాటు ఇచ్చిన అఫిడవిట్లలో వ్యవసాయ భూముల వివరాలున్నాయి, సర్వే నంబర్లతో సహా. వాటిని ఎవరు సాగు చేస్తున్నారో ఎవరూ రాయలేదు, రాయమని ఫారంలో అడగలేదు కూడా. మేం అడుగుతున్నాం. మీ పేరు మీద, మీ ఇంట్లోవాళ్ల పేరు మీద ఉన్న పొలాలు కౌలుకిచ్చి ఉంటే, ఆ కౌలుదారుల ఒప్పందాల మీద మీరు సంతకం పెట్టండి. పెట్టి, మేం పెట్టాం అని మీ నియోజకవర్గంలో చెప్పండి. మీరు పెడితే మా ఆసామి కూడా పెడతారు, ఆయన మీలో ఒకరికి బాగా తెలిసినవాడే.

మా వైపు ఉగాదికల్లా కౌలు మాటలు అయిపోతాయి. ఈసారి ఉగాదికి నాన్న ఆసామి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒప్పంద పత్రం కూడా తీసుకెళ్తారు. దాని ఒక కాపీ, మా మూడు అర్జీల నంబర్లు కలిపి మా ఎమ్మెల్యే గారి ఆఫీసులో ఇస్తాను. ఆయన ఏమన్నదీ మళ్లీ ఇలాగే రాస్తాను.

ఇట్లు
ఒక కౌలు రైతు కూతురు
తెనాలి దగ్గర నుంచి